సుక్రి గొంతు వినపడని ఆదివారం

టీవీలో సంగీతం అవార్డుల ఫంక్షన్లు చూడొద్దని నాకు చెప్పింది డాక్టరు కాదు, మా ఆవిడ. చూసిన ప్రతిసారీ నేను రిమోట్ విసిరికొడతానట, బ్యాటరీలు ఊడి మంచం కిందికి దొర్లిపోతాయట, వంగి తీయాల్సింది తనట. అబద్ధమేమీ కాదు. పాడినవాళ్ళకు ఒక నిమిషం, బహుమతి ఇచ్చేవాళ్ళ గొప్పలకు పావుగంట, మిగిలినదంతా సబ్బులకూ బంగారం కొట్లకూ. నాలాంటివాడికి ఒళ్ళు మండక ఏమవుతుంది? అయినా ఈ ఏడాది ఒక ఫంక్షన్ని మొదటినుంచి చివరిదాకా కళ్ళార్పకుండా చూశాను. అది చూశాకే ఇది రాయాలనిపించింది.

సౌండు కోర్సులు చదువుకుని ఛానెళ్ళలోకి, స్టూడియోల్లోకి వెళ్తున్న పిల్లలు అప్పుడప్పుడు అరకు వచ్చినప్పుడు మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. ఏ మైకు మంచిదని అడుగుతారు. మైకుల సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. ఏది కోయాలో, ఏది కోయకూడదో. ఉద్యోగమంతా నేను చేసింది అదే.

మోసిన బరువు

మా నాన్న బొబ్బిలి వైపు నుంచి వచ్చి అరకులో కిరాణా కొట్టు పెట్టాడు. నేను పుట్టింది, పెరిగింది ఇక్కడే. కొట్టుకు వచ్చే కొండ మనుషుల మాట కాస్త అర్థమవుతుంది. కొండ దిగువన రేడియో కేంద్రంలో సౌండు రికార్డిస్టుగా చేరాక అదే నా మెడకు చుట్టుకుంది. ఏజెన్సీ టూరు అంటే చాలు, నన్ను పిలిచేవాళ్ళు. రిటైరయ్యాక మళ్ళీ ఇక్కడికే వచ్చి, తమ్ముడు నడుపుతున్న కొట్టు మీద మేడలో ఉంటున్నాను.

ఇప్పుడు జేబులో ఇమిడే యంత్రాలున్నాయి. అప్పుడు స్పూలు టేపు రికార్డరు ఒక పసిపిల్లంత బరువుండేది. జీపు ఆగిన చోటి నుంచి ఊరిదాకా భుజం మీద మోయాలి. లంబసింగిలో శీతాకాలం చలికి బ్యాటరీలు బిగుసుకుపోయి టేపు నెమ్మదించేది, అక్కడే తిరిగి వేసి వింటే ఆడగొంతు మొగగొంతయ్యేది. అందుకని బ్యాటరీలు చొక్కా లోపల పెట్టుకుని పడుకునేవాణ్ణి. సీలేరు ప్రాజెక్టు కాలనీ క్లబ్బులో రికార్డు చేసిన ప్రతి టేపులోనూ సన్నగా ఒక మోత ఉంటుంది, పవర్‌హవుసు వైపు నుంచి వచ్చేది. దాన్ని ఎలా తీసెయ్యాలా అని కొన్నాళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తర్వాత మానేశాను. ఆ కాలనీలో పుట్టిన పిల్లలు ఆ మోతలోనే నిద్రపోతారు, అది లేకపోతే అది సీలేరే కాదు.

మా బాసు ఒక్కసారి ఆపమన్నాడు

మా ప్రోగ్రాముల అధికారి ఒకాయన ఉండేవారు. మంచి విద్వాంసుడు, కోపిష్టి, పంచెకట్టు మడత నలగనిచ్చేవారు కాదు. మొదటిసారి కొండెక్కినప్పుడు ఆయన చేసిన హడావుడి ఇంకా కళ్ళముందే ఉంది. కోడి కూస్తే కోడిని పట్టమన్నారు. పిల్ల ఏడిస్తే పిల్లను అవతలికి తీసుకుపొమ్మన్నారు. అంతటితో ఆగలేదు. ఆడవాళ్ళు ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబడి పాడుతుంటే, టేపు అయిపోతోందని, రెండు వరసల్నీ కలిసి ఒకేసారి పాడమన్నారు.

పాట ఆపేశారు. తర్వాత అందరూ విరగబడి నవ్వారు. నవ్వి, చేతులు వదిలేసి, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. మేము సాయంత్రం దాకా ఖాళీ టేపు ముందేసుకుని కూర్చున్నాం.

ఆ పాట సంగతి మీకు చెప్పాలి. ఆ ఊళ్ళో దాన్ని ఎత్తుపాట, బదులుపాట అంటారు. ఒక వరసలో ముందున్న ఆడమనిషి ఎత్తుకుంటుంది. ఎదుటి వరసలో ముందున్నావిడ బదులిస్తుంది. వాళ్ళిద్దరూ జోడు. చిన్నప్పుడు జోడు కడితే ఇక జీవితాంతం ఆ ఇద్దరే ఒకరికొకరు. మాటలు ఒడియా, తెలుగు, వాళ్ళ భాష కలిసినవి. తెలుగులో చెప్పుకుంటే ఇంతే. "ముందు నేను నడుస్తున్నాను, నా వెనక ఎవరన్నా ఉన్నారా?" అని ఒకరు అడుగుతారు. రెండోవాళ్ళు ఒక ఊపిరి ఆగి, "ఉన్నాను, నీ అడుగులో అడుగు వేస్తూనే ఉన్నాను" అంటారు. ఆ ఒక్క ఊపిరి ఆగడంలోనే పాటంతా ఉంది.

ఇంకో టూరులో అదే ఊళ్ళో ఒక చావు దినానికి వెళ్ళవలసి వచ్చింది. జోడులో ఒకావిడ పోయింది. బతికున్నావిడ ఒక్కతే నడి వాకిట్లో నిలబడి ఎత్తుపాట పాడింది. పాడి, బదులు ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఎదుటి ఖాళీ వైపు చూస్తూ ఆగింది. తర్వాత ఇంకేమీ పాడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఊళ్ళో ఒంటిగా ఆ పాట పాడేది ఆ ఒక్క సందర్భంలోనే. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు ఏడుపు ఎత్తుకుంటారు. అంతవరకూ ఎవరూ గట్టిగా ఏడవరు.

నేను మిషను ఆన్ చేసి ఉంచాను. ఆ నలగని పంచె పెద్దమనిషే నా భుజం మీద చెయ్యి వేసి, "ఆపెయ్యవయ్యా. ఇది మనకు కాదు" అన్నారు. నేను ఆపేశాను. నా ఉద్యోగంలో ఒక పైఅధికారి నాకు నేర్పిన గొప్ప పాఠం అది. ఆయన అంతకుముందూ ఆ తర్వాతా చెప్పినవాటిలో చాలా మటుకు మరిచిపోయాను.

ఒక అవార్డు, ఒక సీటు

గురుబారి, సుక్రి ఆ ఊరి జోడే, చిన్నప్పటినుంచీ నేనెరిగినవాళ్ళు. నాకంటే కాస్త పెద్దవాళ్ళు, మా వైపు అక్కను పిలిచినట్టు ఇద్దర్నీ అప్పా అంటాను. గురుబారప్ప ఎత్తుతుంది, సుక్రప్ప బదులిస్తుంది. గురుబారప్ప నోరు పెద్దది, నవ్వు పెద్దది. సుక్రప్ప మాట్లాడేది తక్కువ, కాఫీ గింజలు ఏరుతూ తనలో తాను నవ్వుకునే రకం. ఒకసారి ఎవరో టూరిస్టు ఫోనులో తీసిన వీడియోలో గురుబారప్ప పాడుతుండగా ఒక ఛానెలు వాళ్ళు చూశారు. ఎవర్నో పట్టుకుని నా నంబరు సంపాదించారు.

శిరీష అనే అమ్మాయి ఫోను చేసింది. ప్రొడ్యూసరు. పాపం మర్యాదస్తురాలే.

"సార్, మా సంగీతం అవార్డుల్లో జానపద విభాగం ఉంది. ఈసారి ఏజెన్సీ నుంచి ఆవిడకి ఇద్దామనుకుంటున్నాం. స్టేజీ మీద రెండు లైన్లు పాడాలి."

"ఇద్దరు రావాలమ్మా. ఆ పాట ఒకరు పాడేది కాదు."

"ఒక అవార్డు, ఒక సీటు సార్. అది నా చేతిలో లేదు. కావాలంటే కోరస్ అమ్మాయిలున్నారు, ట్రైబల్ డ్రెస్సు వేయించేస్తాం."

ఈ మాట గురుబారప్పకు చెప్తే ఉమ్మేసింది. "ఆలెవరు నాకు బదులిచ్చీడానికి? సుక్రి నేకుండా ఆ పాట నానెత్తితే, సుక్రి సచ్చిపోనాదని కాదా? నానెల్లను బాబూ, ఆ పెతకాలు ఆలకే ఉంచుకోమను."

నేను కూడా అక్కడితో వదిలేద్దామనుకున్నాను. ఉపాయం చెప్పింది సుక్రప్పే. "నువ్వేటి ఇన్నాళ్ళూ ఆ డబ్బాలో మా గొంతులు అట్టుకెళ్ళినావు గదా బాబూ? నా బదులు ఆ డబ్బాలో ఎయ్యి. అది ఎత్తినప్పుడు అక్కడ మోగించమను. నానెల్తే ఏటి, నా గొంతెల్తే ఏటి?"

ఆవిడ ఆశ ఏమిటో నాకు తర్వాత తెలిసింది. రాజవొమ్మంగి వైపు ఇచ్చిన చెల్లెలు ఒకామె ఉంది. ఈవిడకు మోకాళ్ళు, ఆమెకు ఉబ్బసం. ఏళ్ళ తరబడి ఒకరినొకరు చూసుకోలేదు. ఆ ఊళ్ళో టవరు లేదు గానీ డిష్షు టీవీ ఉంది. సంతకు వచ్చేవాళ్ళ చేత, బస్సు కండక్టరు చేత చెల్లెలికి కబురు పెట్టించింది. ఆదివారం టీవీ ముందు కూర్చో, నా గొంతు వస్తుంది, అని.

సుక్రప్ప బదులు రికార్డు చెయ్యడం నా రిటైరైన జీవితంలో ఒక్క మంచి సాయంత్రం. ఖాళీకి బదులివ్వనంది. అందుకని గురుబారప్ప కూడా ఎదురుగా నిలబడి నిజంగా ఎత్తుకుంది, సుక్రప్ప ఒక ఊపిరి ఆగి బదులిచ్చింది. ఆ ఊపిరితో సహా ఆవిడ గొంతు మాత్రం వేరే ఫైలు చేసి శిరీషకు పంపాను. ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆపాలో ఫోనులో మళ్ళీ మళ్ళీ చెప్పాను. "పర్ఫెక్ట్ సార్" అంది.

నేనూ గురుబారప్పతో హైదరాబాదు వెళ్ళాను. నాకు హాలు వెనక డ్రైవర్ల పక్కన చోటిచ్చారు. రంగురంగుల దీపాల కింద ఆవిడ ఎత్తుకుంది. ఆగింది. ఆ పెద్ద హాలు స్పీకర్లలోంచి సుక్రప్ప గొంతు వచ్చింది. సరిగ్గా రావలసిన చోటే వచ్చింది. నిజం చెప్తున్నాను, నా కళ్ళు చెమర్చాయి. గురుబారప్ప పైకి చూసి నవ్వింది.

తిరుగు ప్రయాణంలో రైలంతా అదే చెప్పింది. "మేడ మీంచి పిలిసినట్టు వచ్చింది బాబూ సుక్రి గొంతు! అందరూ ఇన్నారు!"

ఆదివారం

ప్రోగ్రాము ఆదివారం మధ్యాహ్నం వేశారు. వాళ్ళ ఊళ్ళో వాన పడితే డిష్షు పనిచేయదని రెండు వరసల ఆడవాళ్ళూ మా ఇంటికే వచ్చారు. కొందరు చర్చి నుంచి నేరుగా ఆ తెల్ల చీరలతోనే ఆటో ఎక్కేశారు. మా ఆవిడ ఉప్మా వండలేక చచ్చింది. సుక్రప్పకు మోకాలు నొప్పి కదా, టీవీకి దగ్గరగా కుర్చీ వేశాం. జడలో బంతిపువ్వు పెట్టుకుని వచ్చింది. టీవీలో వచ్చేది తన గొంతు మాత్రమేనని తెలుసు, అయినా పెట్టుకుంది.

ఇక మొదలైంది. యాంకర్లిద్దరు ఒకరి చొక్కా గురించి ఒకరు జోకులేసుకున్నారు. ఒక హీరో వచ్చాడు, ఆయన వచ్చేదాకా పాట, వచ్చాక పాట, కూర్చున్నాక ఆయన మొహం. పాడే పిల్లలు నోరు తెరిచేసరికి కెమెరా మళ్ళీ ఆయన మొహం మీదికే పోతుంది. ఉత్తమ గాయకుడికి ఉత్తమ గాయకుడని చెప్పడానికి ముగ్గురు వచ్చారు. ఆ పిల్లవాడు కృతజ్ఞతలు మొదలెట్టగానే వెనక మ్యూజిక్ ఎత్తి దింపేశారు. తర్వాత ప్రకటనలు. ప్రకటనల తర్వాత ఇంతవరకూ జరిగింది మళ్ళీ ఒకసారి చూపించారు. మళ్ళీ ప్రకటనలు.

"ఒలమ్మా, ఈ సబ్బుకి కూడా పెతకం ఇచ్చినారేటి? ఇన్నిసార్లు వత్తంది!" అంది గురుబారప్ప. అందరూ నవ్వారు. సుక్రప్ప నవ్వలేదు. ముందుకు వంగి కూర్చుంది.

బయట వెలుగు తగ్గుతుండగా గురుబారప్ప తెర మీదికి వచ్చింది. యాంకరు ఆవిడ పేరు తప్పు పలికాడు. ఆవిడ మెడలో పూసల్ని దగ్గరగా చూపించారు. తర్వాత ఎత్తుకుంది. ఆ మాట ఒప్పుకోవాలి, గొంతు బాగానే పట్టారు.

ఎత్తుపాట అయింది. గురుబారప్ప ఆగింది. కెమెరా ఆవిడ మొహానికి దగ్గరగా వెళ్ళింది. ఆవిడ పైకి చూస్తోంది.

ఏమీ రాలేదు. ఒక వయొలిన్ వచ్చింది. ఎక్కడిదో, ఎవరు వాయించారో, గుండె పిండేసేలా సన్నగా సాగుతూ వచ్చింది. గురుబారప్ప మొహం అలాగే ఎవరికోసమో చూస్తున్నట్టు పైకి చూస్తోంది. ఒక హీరోయిన్ కళ్ళు తుడుచుకుంటోంది. తర్వాత చప్పట్లు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు.

మా గదిలో సుక్రప్ప పక్కన కూర్చున్నామె తనకు తెలియకుండానే కాస్త అవతలికి జరిగింది. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తాము చూసిందేమిటో తెలుసు.

"నేదు, నేదు! అది పలికింది, నానిన్నాను!" గురుబారప్ప లేచి నిలబడి అరిచింది. "బాబూ, నువ్వూ ఇన్నావు గదా? సెప్పు మరి, సెప్పు!"

"విన్నానప్పా. వచ్చింది, హాల్లో వచ్చింది" అన్నాను.

సుక్రప్ప టీవీ వైపే చూస్తూ మెల్లగా అడిగింది. "మరి నానేదీ?"

టీవీలో అప్పటికే సబ్బు వచ్చేసింది.

ఆ చెయ్యి నాకు తెలుసు

మర్నాడు శిరీష ఫోను ఎత్తింది. తప్పించుకోలేదు, అది ఆమె మంచితనం. "సార్, మిక్సింగులో ఆ వాయిస్ తీసేశారు. స్టేజీ మైకులో లేదు కదా, హాల్లో మోగినట్టుంది, క్లీన్‌గా లేదన్నారు. టైమ్ కూడా లేదు. కానీ సార్, ఆ మౌనం ఎంత బాగా వచ్చిందో చూశారా? కింద కామెంట్లన్నీ దాని గురించే. అందరూ ఏడ్చామంటున్నారు."

"ఎందుకు ఏడుస్తారో ఆ ఊళ్ళో వాళ్ళకు తెలుసమ్మా" అని మొత్తం చెప్పాను. ఆ అమ్మాయి అయ్యో అంది. నిజంగానే అంది. యూట్యూబులోనైనా మళ్ళీ ఆ గొంతు పెట్టమన్నాను. ఇప్పటికే అప్‌లోడ్ అయిపోయింది, లింకు మారిస్తే చూసినవాళ్ళ లెక్క పోతుంది, పైవాళ్ళు ఒప్పుకోరు, అంది.

ఆ వాయిస్ తీసేసిన కుర్రాడెవరో నాకు తెలియదు. ఆ చెయ్యి మాత్రం తెలుసు. ఎదుట తెర మీద రెండు గీతలు, ఒకటి శుభ్రంగా ఉంది, ఒకటి కాస్త మసకగా ఉంది. మసకదాన్ని నొక్కేశాడు. వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు, వాడూ ఎవర్నీ అడగలేదు. అడిగితే పది సెకన్ల పని. మీరు ఆ కుర్చీలో కూర్చోబోతున్నారు, అందుకే చెప్తున్నాను. మీకు చెత్తలా వినిపించింది చెత్తేనని ఎవరో ఒకర్ని అడిగి తెలుసుకోండి. వింటారన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. ఈ వయసులో నాకు నమ్మకాలు తగ్గాయి.

దినం బియ్యం

మూడోరోజు పొద్దున్న సుక్రప్ప వాళ్ళ ఊరి మొదట్లో ఏడుపులు వినిపించాయట. గురుబారప్ప కబురు పంపితే నేను జీపెక్కి వెళ్ళేసరికి రాజవొమ్మంగి నుంచి వచ్చినవాళ్ళు సుక్రప్ప వాకిట్లో ఉన్నారు. చెల్లెలు, ఆమె మొగుడు, అత్తవారి తాలూకు మనుషులు. అంత ఉబ్బసంతో ఆమె ఘాట్ రోడ్లన్నీ దాటి, బస్సులు మారి వచ్చింది. బియ్యం మూట, కోడి, సారా సీసా తెచ్చారు. చావుకు ఏమేం తేవాలో అవన్నీ తెచ్చారు.

అక్క గొంతు వస్తుందని కబురు పెట్టారు. టీవీ ముందు కూర్చుంటే గొంతు రాలేదు. గురుబారప్ప ఒంటిగా పాడింది, ఖాళీకేసి చూసింది, ఆగింది. వాళ్ళు ఇంకేమనుకుంటారు? కబురుకీ ఆదివారానికీ మధ్యలో అక్క పోయిందనుకున్నారు.

నేను వెళ్ళేసరికి చెల్లెలు ఏడుపు ఆపలేకపోతోంది. అక్క బతికే ఉందని కళ్ళతో చూసింది, అయినా ఆపలేకపోతోంది. సుక్రప్ప ఆమె వీపు నిమురుతూ, "ఇదిగో ఉన్నానే, ఇదిగో ఉన్నాను, సూడు" అంటోంది.

ఆ ఊరి ఆచారం ఒకటుంది. చావుకు తెచ్చిన బియ్యం తిరిగి ఇంటికి పట్టుకెళ్ళకూడదు. అక్కడే వండి, అక్కడే తినాలి. మరేం చేస్తారు? పొయ్యి వెలిగించారు. వచ్చినవాళ్ళు బంధువులు, వడ్డించాల్సింది ఇంటి ఆడమనిషి. సుక్రప్పే వండింది. తన దినం బియ్యం తనే కడిగి, తనే ఎసట్లో పోసి, తనే అందరికీ వడ్డించింది. తాను మాత్రం ముట్టలేదు.

"తినప్పా" అన్నాను.

"ఎలాగ తింతాను బాబూ? నాకు పెట్టిందే గదా అది" అంది.

ఆ తర్వాత ఇంకొందరు వచ్చారు, లంబసింగి వైపు నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో. కొందరు సగం దారిలో నిజం తెలిసి వెనక్కి వెళ్ళారు. కొందరు వచ్చి సుక్రప్పను చూసి నవ్వారు, అంతలోనే నవ్వు ఆపేశారు. ఆవిడ ఇంటి ముందు కూర్చుని కాఫీ గింజలు ఏరుతూ అందరికీ అదే సమాధానం చెప్పేది. పాట మాత్రం మానేసింది. గురుబారప్ప వాకిట్లో నిలబడి ఎన్నిసార్లు ఎత్తుకున్నా ఇంట్లోంచి బదులు రాలేదు.

"ఒకసారి ఏడ్సీసినాక మళ్ళీ ఏటి బదులు?" అందట.

సంత

గురుబారప్ప అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. సుక్రప్ప కాళ్ళు పట్టుకుంది, పోట్లాడింది, మాట్లాడటం మానేసింది. చివరికి ఒప్పించింది. శుక్రవారం అరకు సంతకు కొండల మీది ఊళ్ళన్నీ దిగుతాయి. అక్కడ, నలుగురి మధ్యన, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పాడతారు. చూసినవాళ్ళు వెళ్ళి వాళ్ళ ఊళ్ళలో చెప్తారు, సుక్రి బతికే ఉంది, బదులిచ్చింది, అని. అలా అయితే మళ్ళీ సరిపోతుంది. సుక్రప్పకు కూడా ఆ ఆశ తగిలినట్టుంది. ఆ శుక్రవారం ఉతికిన చీర కట్టుకుని దిగింది.

నేను మిషను తీసుకెళ్ళలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

చలికాలం మొదలైంది, టూరిస్టులు కిటకిటలాడుతున్నారు. మిరియాల బుట్టల పక్కన ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. కొండ ఆడవాళ్ళు బుట్టలు దించి చుట్టూ చేరారు. సుక్రప్ప గొంతు సవరించుకుంది. నాకు నవ్వొచ్చింది, సంతోషంతో. ఇన్ని వారాల తర్వాత అదే మొదటిసారి.

గురుబారప్ప ఎత్తుకుంది. ఆ గొంతు వినగానే సంతలో అటూ ఇటూ తిరుగుతున్నవాళ్ళు ఆగారు. "అదే, అదే! టీవీలో వచ్చిందే, ఆవిడే!" అని ఎవరో కేకేశారు. క్షణంలో చుట్టూ ఫోన్లు లేచాయి. కొండ ఆడవాళ్ళను తోసుకుంటూ జనం ముందుకు వచ్చారు. వాళ్ళలో ఒక్కరి మొహంలో కూడా చెడ్డతనం లేదు. అందరి మొహాల్లోనూ ఆనందమే.

ఎత్తుపాట చివరి మాట దగ్గరికి వచ్చింది. గురుబారప్ప ఆగి, ఎదురుగా చూసింది. సుక్రప్ప ఊపిరి పీల్చుకోవడం నాకు కనిపించింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పాటలో అక్కడ చప్పట్లు కొట్టాలని వాళ్ళందరికీ తెలుసు, టీవీలో చూశారు మరి. ఈలలు వేశారు. "సూపర్ అమ్మా!" అన్నారు. సుక్రప్ప పెదవులు కదులుతూనే ఉన్నాయి. బదులంతా పాడింది, మధ్యలో ఆపలేదు. నేను ఆవిడకు నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. బతుకంతా వినడమే పని చేసినవాణ్ణి. నాకు కూడా ఒక్క ముక్క వినపడలేదు.

చప్పట్లు తగ్గేసరికి ఆవిడ పాట అయిపోయింది. జనం గురుబారప్ప చుట్టూ మూగి ఫొటోలు దిగుతున్నారు. అంచున బుట్టతో నిలబడ్డ ఒక ముసలామె సుక్రప్పను తేరిపార చూసి, పక్కనామెను అడిగింది.

"ఈవిడేనేటి, సచ్చిపోనాదన్నారు?"

సుక్రప్ప విన్నది. జనంలోకి చెయ్యి పెట్టి గురుబారప్ప చెయ్యి వెతికి పట్టుకుంది.

"రాయే, పోదాం. బస్సెల్లిపోతాది."